నువ్వు అడగలేదు కదమ్మా

మా పాత బడి పిల్లలంతా కలిసి ఒక పుస్తకం వేస్తున్నారట. తలా రెండు పేజీలు రాయమని ఫోన్లో సందేశం వచ్చింది. "గంట లేని బడి, బెత్తం లేని బడి, పరీక్షలు లేని బడి. అలాంటి చోటు ఒకటి ఉండేదని లోకానికి తెలియాలి. మీ తీపి జ్ఞాపకాలు రాయండి" అని ఉంది అందులో. అప్పటికే పదిమంది రాసి పెట్టారు. వార్డులో మధ్యాహ్నం మందులు ఇచ్చేసి, కుర్చీలో కూర్చుని వరసగా అన్నీ చదివాను. అందరూ సీతాఫలాల గురించే రాశారు. చదువుతుంటే నా చెంపలు వేడెక్కాయి. పక్కనున్న సిస్టర్ "ఏమైంది, ఇంటికాడ ఏమన్న అయిందా?" అని అడిగింది.

ఏమీ కాలేదు. కోపం వచ్చింది, అంతే. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంత కోపం ఉందా అని నాకే ఆశ్చర్యం వేసింది.

సరే, నేనూ రాస్తాను. నేనూ సీతాఫలాలతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అవి నిజమే.

కల్వకుర్తి దాటి శ్రీశైలం రోడ్డు మీద కొంత దూరం పోయాక ఎడమవైపు ఒక మట్టిబాట ఉండేది. ఆ బాట చివర ఒక రాళ్ల గుట్ట, దాని కింద ఎర్రనేల, చుట్టూ ఎటు చూసినా సీతాఫలం పొదలు. దసరా ముందు కాయలు కళ్లు తెరిచేవి. తెంపి గడ్డిలో మగ్గబెట్టేవాళ్లం. ఆగలేని వాళ్లం ఎండుటాకులు పోగేసి మంటలో కాల్చేవాళ్లం. తొక్క నల్లబడి పగిలి, లోపలి గుజ్జు పొగ వాసనతో నాలుక కాల్చేది. గింజలు ఎవరు ఎంత దూరం ఉమ్ముతారని పందెం. నేనే గెలిచేదాన్ని.

ఆ బడి గోడలు మట్టివి. ఆ మట్టి తొక్కిన వాళ్లలో, తట్టలతో మోసిన వాళ్లలో మా అమ్మ ఉంది. నాయిన మేస్త్రి పనికని బొంబాయి పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. నన్ను ఇంట్లో ఒంటరిగా వదల్లేక అమ్మ పనికి వెంట తీసుకుపోయేది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఇసుక కుప్ప మీద నేను గులకరాళ్లతో ఏదో ముగ్గులా పేరుస్తుంటే ఒక పెద్దాయన వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. బడి పెట్టింది ఆయనే. కాళ్లకు చెప్పులుండవు. గొంతు ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. అక్కడ సార్ అనే మాట లేదు. నేర్పేవాళ్లందరూ అన్నలు, అక్కలు. ఈయన పెద్దన్న.

"ఈ పాపను మా బడిలో ఉంచమ్మా. ఫీజు వద్దు. ఇక్కడే తింటుంది, ఇక్కడే ఉంటుంది" అన్నాడు అమ్మతో.

అమ్మ తట్ట దించి, చేతులు కొంగుకు తుడుచుకుని దండం పెట్టింది. "కొట్టయినా జర నాలుగు అచ్చరాలు నేర్పుండ్రి సారూ. నేనైతే ఏలిముద్రదాన్ని. నా లెక్క కావద్దు ఇది" అంది.

పెద్దన్న నవ్వాడు. "ఇక్కడ ఎవర్నీ కొట్టమమ్మా. మొక్కను పట్టి గుంజితే పెరుగుతుందా? తనకు కావాలనిపించినప్పుడు తనే నేర్చుకుంటుంది."

అమ్మకు అర్థం కాలేదు. సారు నవ్వాడు కాబట్టి తనూ నవ్వింది.

అక్కడ సగానికి పైగా పట్నం పిల్లలు. డాక్టర్ల పిల్లలు, వకీళ్ల పిల్లలు, పెద్ద బళ్లలో ఇమడలేక వచ్చినవాళ్లు. మేం చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన కూలోళ్ల పిల్లలం పదిమందిమి దాకా ఉండేవాళ్లం. అందరం ఒకే చాపల మీద పడుకునేవాళ్లం, ఒకే వరసలో తినేవాళ్లం. ఊళ్లో మా వాడకట్టు పిల్లలను దూరం నిలబెట్టేవాళ్లను చూసిన నాకు అది చిన్న విషయం కాదు. ఆ మాట కూడా దాచను.

పొద్దున లేచి ఎవరికి ఏది ఇష్టమైతే అది. ఒక అన్న నడుముకు ఎండు సొరబుర్రలు కట్టి బావిలో ఈత నేర్పాడు. నెల తిరిగేసరికి నేను దరి మీది నుంచి దూకేదాన్ని. ఒక అక్కతో మట్టి బొమ్మలు చేశాను, నాటకంలో పులి వేషం వేశాను. పిట్టల పేర్లన్నీ నేర్చుకున్నాను. లెక్కలు చెప్పే అన్న కూడా ఉండేవాడు. వేపచెట్టు కింద పూసలు, పుల్లలు ముందు పెట్టుకుని కూర్చునేవాడు. ఇష్టమున్నవాళ్లు పోవచ్చు. నేను ఒక రోజు పోయాను. ఏదో తప్పు చెప్తే పట్నం పిల్లవాడు ఒకడు పకపకా నవ్వాడు. మర్నాటి నుంచి నేను పోలేదు. ఎందుకు రావట్లేదని ఎవరూ అడగలేదు. రాని పిల్లను పిలవకపోవడమే అక్కడి గొప్ప.

అడిగింది వంటింట్లో అవ్వ ఒక్కతే. పక్క ఊరి మనిషి. జొన్నరొట్టె చేతుల మధ్యనే చరిచి పెనం మీద వేసేది. పచ్చిపులుసు, పల్లీల తొక్కు, వానాకాలమైతే మొక్కజొన్న రవ్వతో మక్క గట్క. పట్నం పిల్లలు రొట్టెలో చక్కెర వేసుకుని తింటుంటే మూతి తిప్పుకునేది.

"ఏం నేర్సినవే ఇయ్యాల?" అనేది నన్ను చూసి.

"పాలపిట్ట గూడు చూసిన అవ్వా. చెట్టు తొర్రల పెట్టింది."

"పాలపిట్ట నీకు నౌకరి ఇస్తదా? పొద్దుగాలనుంచి బాయిలనే ఉంటిరి. గిది బడా, జాతరనా?"

అందరం నవ్వేవాళ్లం. నేనే గట్టిగా నవ్వేదాన్ని.

కొత్త రాష్ట్రం వచ్చిన రోజున ఆవరణంతా గులాబీ రంగు చల్లుకుని ఎగిరాం. అవ్వ బూరెలు చేసింది. సాయంత్రం పెద్దన్న మమ్మల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, పెద్దయ్యాక ఎవరేమవుతారని అడిగాడు. నా వంతు వచ్చింది. "డాక్టర్నయిత" అన్నాను. నా తల మీద చెయ్యి పెట్టి "తప్పకుండా" అన్నాడు. అప్పటికి నాకు పదమూడేళ్లు. రెండు అంకెల మధ్య గీత ఎందుకు గీస్తారో, దాని కింద అంకె ఎందుకుంటుందో నాకు తెలియదు. అది ఆయనకు తెలుసు.

పెద్దన్న కూతురు నా ఈడుదే. మేమిద్దరం ఒక ప్రాణం. బావికైనా గుట్టకైనా కలిసే పోయేవాళ్లం. ఒక్క మధ్యాహ్నాలు మాత్రం తను మాతో ఉండేది కాదు. ఆవరణ చివర ఉన్న వాళ్ల ఇంటికి పోయేది. ఒంట్లో బలం తక్కువ, అన్నం తిన్నాక పడుకోవాలి అని చెప్పేది. నేను నమ్మాను. అవ్వనడిగి బెల్లం ముక్క తెచ్చి పెట్టేదాన్ని, బలం వస్తుందని.

మరుసటి ఏడు ఎండలు ముదిరిన రోజుల్లో అవ్వ మామిడికాయ ముక్కలకు ఉప్పు రాసి పెద్దన్న ఇంటి మిద్దె మీద ఎండబెట్టింది. ఒక మధ్యాహ్నం అవి కాజేద్దామని గోడకు వేసిన నిచ్చెన ఎక్కాను. కాళ్లు కాలుతున్నాయి. గబగబా గుప్పెడు ఒరుగులు నోట్లో కుక్కుకున్నాను. మిద్దె నడుమ వెలుతురు కోసం వదిలిన కంత ఉండేది. అందులోంచి మగ గొంతు వినిపించింది.

"ముందు కింది అంకెలు సమానం చెయ్యాలె. మళ్ల చెయ్యి."

వంగి చూశాను. కింద బల్ల ముందు నా స్నేహితురాలు కూర్చుని ఉంది. ఎదురుగా ఒక మనిషి. రోజూ మధ్యాహ్నం స్కూటర్ మీద వచ్చే మనిషే. బోరు మోటారు బాగు చెయ్యడానికి వస్తాడని మేమంతా అనుకునేవాళ్లం. ఒకసారి నేను "మోటారు మంచిగయిందా అన్నా?" అని అడిగితే, "అయితాంది బిడ్డా" అని నవ్వాడు కూడా. గోడకు గడియారం ఉంది. దాని కింద ఒక కాగితం అంటించి ఉంది, సోమవారం లెక్కలు, మంగళవారం సైన్సు అని. అంత ఆవరణలో గంట అన్నది లేదు, ఆ గదిలో గడియారం టిక్కు టిక్కుమంటోంది.

అంతలో పెద్దన్న లోపలికి వచ్చాడు. కూతురి పుస్తకం తీసి చూశాడు. "నిన్న ఇచ్చినవి ఎందుకు చెయ్యలేదు?" అన్నాడు. ఆ గొంతు నేను అంతకు ముందు ఎప్పుడూ వినలేదు. "ఇవి పూర్తయ్యేదాకా బావి దగ్గరికి పోవడానికి వీల్లేదు."

ఆమె ముక్కు చీదుకుంటూ మళ్లీ రాయడం మొదలుపెట్టింది. నేను మిద్దె మీద అలాగే కూర్చుండిపోయాను. నోట్లో ఉప్పు కరిగి గొంతు మండుతుంటే ఒరుగులు మిద్దె మీదే ఉమ్మేశాను.

సాయంత్రం బావి దగ్గర అడిగాను, "పగటీలి పండుకుంటున్నవా, సదువుకుంటున్నవా?" అని.

ఆమె మొహం ఎర్రబడింది. "నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు" అంది. తర్వాత, "అయినా అందరూ చేస్తారు కదా. వీళ్లందరికీ ఇళ్లకు పోయినప్పుడు ట్యూషన్ ఉంటుంది. నీకు లేదా?" అంది.

వెక్కిరించడానికి అనలేదు. నిజంగానే అడిగింది. అది ఇంకా మండింది.

మర్నాడు ఆమె సంచిలోంచి లెక్కల పుస్తకం తీసి, బావి దరి మీద నిలబడి ఒక్కో కాగితం చింపి నీళ్లలో వేశాను. ఈత కొడుతున్న పిల్లలు తలలెత్తి చూశారు. నీలం సిరా కరిగి కాగితాల చుట్టూ పాకింది. ఆమె వచ్చి నా చెయ్యి పట్టుకోబోతే తోసేశాను. మోకాలు పగిలి రక్తం కారింది.

ఆ బడిలో తప్పుకు శిక్ష ఉండదు, సభ ఉంటుంది. అందరం గుండ్రంగా కూర్చున్నాం. ఒక అక్క తియ్యగా, "ఆ పని చేసేటప్పుడు నీ మనసులో ఏముందో మాతో పంచుకుంటావా?" అని అడిగింది.

నేను పెద్దన్న వైపే చూశాను. "నీ బిడ్డకు చెప్పిచ్చినవు గదా పెద్దన్నా. నాకెందుకు చెప్పలే?"

పట్నం పిల్లలు నేల వైపు చూస్తున్నారు. వాళ్లందరికీ తెలుసు. మా ఊళ్ల పిల్లలు మాత్రం నోళ్లు తెరిచి నన్ను చూస్తున్నారు.

పెద్దన్న ఎప్పటి మెత్తని గొంతుతోనే అన్నాడు: "నువ్వు అడగలేదు కదమ్మా."

వంటింటి గడప దగ్గర గంటె పట్టుకుని నిలబడ్డ అవ్వ అక్కడి నుంచే అరిచింది. "అడగనీకి దానికి ఎర్కుండాలె గద సారు! అడగాల్నని ఎవలు చెప్పిండ్రు దానికి?"

"అవ్వా, ఇది పిల్లల సభ" అన్నాడు పెద్దన్న.

అవ్వ గంటె దబ్బున పడేసి లోపలికి పోయింది. సభ ఇంకా చాలాసేపు జరిగింది. నా కోపం గురించి అందరూ చాలా మంచిగా మాట్లాడారు. లెక్కల గురించి ఎవరూ మాట్లాడలేదు.

నన్ను ఎవరూ వెళ్లగొట్టలేదు. నేనే వచ్చేశాను. రెండు జతల బట్టలు సంచిలో వేసుకుని నడిచాను. అమ్మ ఉపాధి పనిలో చెరువు మట్టి తీస్తోంది. నన్ను చూసి పార పక్కన పెట్టింది. జరిగిందంతా చెప్పాను. పెద్దన్నను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"మరి గిన్నేండ్లు ఏం జేసినవే ఆడ?" అంది.

పాలపిట్ట గూడు అని చెప్పనా? పులి వేషం అని చెప్పనా? ఆ రోజు అమ్మ ముందు నిలబడ్డప్పుడు పడ్డ సిగ్గు నాది కాదు. కానీ పడింది నేనే.

సర్కారు హైస్కూల్లో హెడ్మాస్టర్ "ఏ క్లాసు చదివినవు?" అని అడిగాడు. క్లాసులు లేవు సార్ అన్నాను. టీసీ ఏదన్నాడు. అదీ లేదు. పట్నం పిల్లల పేర్లు పట్నంలోని బళ్ల రిజిస్టర్లలో ముందునుంచే ఉన్నాయని తర్వాత తెలిసింది. మా పదిమంది పేర్లు ఏ రిజిస్టర్లోనూ లేవు. వయసు చూసి ఎనిమిదిలో కూర్చోబెట్టారు. బోర్డు మీద రాసింది నాకొక్కటీ ఎక్కేది కాదు. పిల్లలు నాకు "సీతాఫలం" అని పేరు పెట్టారు. లెక్కల సార్ చేతిలో బెత్తం ఉండేది. అరచేతుల మీద తిన్నాను. బెత్తం మంచిదని నేను రాయను. ఆయన చేతిలోని ఆ కట్టె అంటే నాకు ఇప్పటికీ అసహ్యమే. కానీ నేను ఒక రోజు బడికి పోకపోతే సాయంత్రం ఆయన బండి మా వాడకట్టులో ఆగేది. "ఎందుకు రాలే?" అని గుమ్మంలో నిలబడి అరిచేవాడు. బడి వదిలాక నన్ను కూర్చోబెట్టుకుని మూడో తరగతి లెక్కల నుంచి మొదలుపెట్టాడు.

ఆ వానాకాలంలో పెద్దన్న మా ఇంటికి వచ్చాడు. చేతిలో రంగుల బొమ్మల కథల పుస్తకాలు. అమ్మ పక్కింటి నుంచి కుర్చీ తెచ్చి వేసింది. చాయ్ పెట్టింది.

"పాప తిరిగి రావాలమ్మా" అన్నాడు. "తనలో ఉన్న ఆ చురుకు ఆ సర్కారు బడిలో చచ్చిపోతుంది."

అమ్మ ఒక పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఈట్ల లెక్కలున్నయా సారూ?"

"ఇవి కథలమ్మా."

అమ్మ పుస్తకం జాగ్రత్తగా ఆయన పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు. "మీ బిడ్డకు చెప్పెటాయన ఎట్లనో వస్తనే ఉండె గద సారూ. ఆ పిల్ల పక్కన ఇంకో పీట ఏస్తే అయిపోవు. ఒక్క పీట. నా బిడ్డ సప్పుడు జేయక కూసుంటుండె."

"మా అమ్మాయి సంగతి వేరమ్మా..." అన్నాడు ఆయన.

అని ఆగిపోయాడు. మిగతా సగం ఆయన చెప్పలేదు. మేమిద్దరం విన్నాం.

అమ్మ లేచింది. "చాయ్ చల్లగయితాంది, తాగుండ్రి" అంది. ఆయన సగం తాగి, పుస్తకాలు అక్కడే వదిలి వెళ్లిపోయాడు. తర్వాత ఆయన్ని నేను చూడలేదు. ఆ బడి కూడా ఎన్నాళ్లో నడవలేదు. పిల్లలు తగ్గారని మూసేశారు. ఇప్పుడక్కడ ప్లాట్ల రాళ్లు పాతారని, సీతాఫలం పొదలు యంత్రంతో తవ్వేశారని చెప్తారు.

పదిలో లెక్కలు ఒకసారి తప్పాను. ఎండాకాలం మళ్లీ రాసి గట్టెక్కాను. డాక్టర్ని కాలేదు, నర్సునయ్యాను. సర్కారు దవాఖానలో పిల్లల వార్డు. మొదటి నెలలో ఒక పసిబిడ్డకు మందు ఎంత ఎక్కించాలో లెక్క కట్టమంటే, బాత్రూంలోకి పోయి తలుపేసుకుని అరచేతి మీద మూడుసార్లు చేసి చూసుకున్నాను. ఇప్పుడు తలుపేసుకోను. మూడుసార్లు చెయ్యడం మాత్రం పోలేదు.

నాతో ఉన్న మా ఊళ్ల పిల్లల్లో, పులి నాటకానికి పాటలన్నీ కట్టిన పిల్లవాడు ఆటో నడుపుతున్నాడు. అన్ని పిట్టల కూతలూ తెలిసిన పిల్లకు పదహారేళ్లకే పెళ్లి చేశారు. ఇప్పుడు పత్తి మిల్లులో పనిచేస్తోంది. వాళ్లెవరికీ ఆ పుస్తకానికి రాయమని సందేశం పోలేదు. నన్ను కలుపుకున్నది నేను నర్సునయ్యాను కాబట్టి. మా బడి నుంచి కూలోళ్ల పిల్ల ఒకతె ఇంతదయింది అని చూపించుకోవడానికి.

అక్కడ నేను సంతోషంగా లేనని రాస్తే అబద్ధం అవుతుంది. ఆ బావి నీళ్ల చల్లదనం ఇప్పటికీ ఒంటికి తెలుస్తుంది. అన్నాళ్ల సంతోషం నాకు మళ్లీ దొరకలేదు, బహుశా దొరకదు కూడా. అందుకే ఈ కోపం తగ్గదు. కష్టపెట్టిన వాళ్లనైతే ఎప్పుడో మరిచిపోయేదాన్ని. వీళ్లు నన్ను ఆరేళ్లు ముద్దుగా చూశారు. ఒక్కనాడైనా, ఒక్కరైనా, నా రెక్క పట్టుకుని కూర్చోబెట్టి, ఇది రాకపోతే లేవడానికి వీల్లేదు అని గద్దించలేదు. ఆ గద్దింపు మాత్రం సొంత బిడ్డకు దాచుకున్నారు.